కెప్లర్ ట్రాక్ గ్రూప్‌గా నడవాలంటే: బుకింగ్ నుంచి బురద బూట్లు కడుక్కునేదాకా

న్యూజిలాండ్ వచ్చిన మనవాళ్ళు చాలామంది క్వీన్స్‌టౌన్ చూస్తారు, మిల్ఫోర్డ్ సౌండ్‌లో పడవెక్కుతారు, ఇంటికెళ్ళిపోతారు. ఆ మిల్ఫోర్డ్ దారిలోనే టె ఆనౌ అని సరస్సు ఒడ్డున చిన్న ఊరుంది, బస్సు కాఫీకి ఆగుతుంది, అందరూ దిగి నీళ్ళ దగ్గర పది నిమిషాలు నిలబడి మళ్ళీ ఎక్కేస్తారు. అక్కడ నిలబడి ఎదురుగా చూస్తే కనపడే కొండలమీంచే కెప్లర్ ట్రాక్ పోతుంది. 60 కిలోమీటర్లు, గుండ్రంగా తిరిగి మొదలుపెట్టిన చోటికే వస్తాం, మూడు రాత్రులు హట్‌లలో, అంటే నడిచేవాళ్ళ కోసం దారిలో కట్టిన బస ఇళ్ళలో, పడుకుంటాం, ఒక రోజు మొత్తం కొండ వీపు మీద, మిగతాదంతా అడవి, రెండు పెద్ద సరస్సులు.

మేము ఆరుగురం వెళ్ళాం. నేను, మా ఆయన, మా తమ్ముడు, మరదలు, ఆక్లాండ్‌లో మాతో పాటు పనిచేసే ఒక అమ్మాయి, ఇంకా కర్నూలు నుంచి చూడ్డానికొచ్చిన మా బాబాయి, ఆయనకి 58. వెళ్ళేముందు నేను చదివినవన్నీ ఒంటరిగా గబగబా నడిచేవాళ్ళు రాసినవే, వేర్వేరు వయసులవాళ్ళు, అన్నం లేకపోతే భోజనం చేసినట్టుండని వాళ్ళు, కలిసి ఎలా వెళ్ళాలో ఎక్కడా దొరకలేదు, అందుకే ఇది ఇంత వివరంగా రాస్తున్నా.

ముందే ఒక మాట చెప్తా, మిగతాదంతా దీని చుట్టూనే తిరుగుతుంది. ఈ ట్రెక్‌లో కష్టమంతా రెండో రోజే. ఆ రోజు చెట్టు నీడ ఉండదు, గాలికి అడ్డం ఉండదు, మధ్యలో ఆగిపోవడానికి ఊరుండదు. మీరు కొనే జాకెట్టు, మోసే బరువు, ఎవరిని తీసుకెళ్ళాలి, తిరుగు ఫ్లైట్ ఎప్పుడు బుక్ చేయాలి, ప్రతిదీ ఆ ఒక్క రోజుని తల్చుకుని తేల్చుకోండి.

ముందు తేదీలు, తర్వాతే మనుషులు

ఇది గ్రేట్ వాక్స్ అనే పేరున్న నడకదారుల లిస్టులో ఉన్న దారి, చూసుకునేది అక్కడి ప్రభుత్వ శాఖ, డిపార్ట్‌మెంట్ ఆఫ్ కన్జర్వేషన్, అందరూ డాక్ అనే అంటారు. సీజన్ అక్టోబర్ చివర్నుంచి ఏప్రిల్ చివరిదాకా. సీజన్‌లో హట్ బుక్ చేసుకోకుండా వెళ్ళి పడుకుంటామంటే కుదరదు. సీజన్ మొత్తానికి బుకింగ్ ఒకేసారి ఆన్‌లైన్‌లో తెరుస్తారు, క్రిస్మస్ నుంచి జనవరి చివరిదాకా తేదీలు చాలా తొందరగా అయిపోతాయి. ఆరుగురికి మూడు హట్‌లలో వరసగా మూడు రాత్రులు దొరకాలి, అదీ అసలు కష్టం. లక్స్‌మోర్ హట్‌లో 54 బంకులు, అంటే పడకలు, ఐరిస్ బర్న్‌లో 50, మోటురౌలో 40.

మనం సాధారణంగా ఏం చేస్తాం, వాట్సాప్ గ్రూప్ పెట్టి ఎవరెవరు వస్తారు అని అడుగుతాం, పదిహేనుమంది చెయ్యెత్తుతారు, తేదీల మీద మూడు వారాలు చర్చ, ఈలోపు బంకులు అయిపోతాయి. అలా కాదు. బుకింగ్ తెరిచే రోజు తెల్సుకుని, రెండు సెట్ల తేదీలు రాసిపెట్టుకుని, ఒక్క మనిషి కూర్చుని అందరికీ కలిపి ఒకే బుకింగ్‌లో చేసేయండి, అందరి పేర్లూ వయసులూ ముందే తీసుకోండి. ఆ తేదీలకి కుదిరినవాళ్ళే వస్తారు. ఫిబ్రవరి రెండోవారం నుంచి మార్చి దాకా నాకు ఇష్టం, జనం కొంచెం తగ్గుతారు. డిసెంబర్ మొదటి శనివారం మాత్రం వదిలేయండి, ఆ రోజు ఇదే దారి మీద కెప్లర్ ఛాలెంజ్ అని పరుగు పందెం, మనం నాలుగు రోజులు నడిచేది వాళ్ళు ఒక్క రోజులో పరిగెత్తేస్తారు, 1988 నుంచీ జరుగుతోంది.

బయటి దేశాలవాళ్ళకి హట్ రేటు స్థానికుల కంటే ఎక్కువ, ఇండియా నుంచి అమ్మానాన్నల్నో బాబాయినో కలుపుకుంటుంటే ఆ తేడా లెక్కలో పెట్టుకోండి. వాళ్ళకి ట్రావెల్ ఇన్సూరెన్స్ తీసుకునేప్పుడు కొండల్లో నడక దాంట్లో కవరవుతుందో లేదో చదివి మరీ తీసుకోండి.

ఇంకొకటి, ట్రెక్ అయిపోయిన మర్నాడే ఫ్లైట్ పెట్టుకోవద్దు. ఒక రోజు ఖాళీ ఉంచండి. వాతావరణం బాలేక రెండో రోజు లేటయితే, ఫ్లైట్ పోతుందేమో అన్న భయంతో జనం వెళ్ళకూడని గాలిలో కొండెక్కేస్తారు.

ఒళ్ళు సిద్ధం చేసుకోవడం

ఎంత ఎక్కాలో మనకి అర్థమయ్యే లెక్క చెప్తా. టె ఆనౌ సరస్సు సుమారు 200 మీటర్ల ఎత్తులో ఉంటుంది, లక్స్‌మోర్ హట్ 1,085 మీటర్లలో. అంటే మొదటి రోజే దాదాపు 880 మీటర్లు పైకి. అలిపిరి నుంచి తిరుమల నడిచి ఎక్కినవాళ్ళకి ఒళ్ళు గుర్తుంటుంది కదా, ఆ 3,550 మెట్లు, దానికంటే ఇంకాస్త ఎక్కువ ఎత్తు, పైగా వీపు మీద 10-12 కిలోల బ్యాగు. తేడా ఏంటంటే ఇక్కడ మెట్లు తక్కువ, మెలికలు తిరిగే మట్టిదారి, వాలు నిదానంగా ఉంటుంది.

మా బాబాయి మూడు నెలల ముందునుంచే రోజూ పొద్దున ఐదు కిలోమీటర్లు నడిచాడు, వచ్చేముందు రెండుసార్లు అలిపిరి మెట్లెక్కాడు, రెండోసారి భుజానికి ఐదు కిలోల బియ్యం సంచి తగిలించుకుని మరీ. మా ఆరుగురిలో నొప్పి అనని మనిషి ఆయనొక్కడే. జిమ్‌కి రోజూ పోయే మా తమ్ముడికి రెండో రోజు దిగుడులో మోకాళ్ళు పట్టేశాయి, ఎందుకంటే ఎక్కడం ప్రాక్టీస్ చేశాడు గానీ బరువుతో దిగడం చేయలేదు. కాబట్టి కనీసం ఎనిమిది వారాలు, వారానికి ఒక పెద్ద నడక, బ్యాగులో నీళ్ళ బాటిళ్ళు పెట్టుకుని, ఎక్కినంత దిగడం కూడా. కొత్త బూట్లు ట్రెక్ రోజు మొదటిసారి వేసుకోవద్దు, ముందే యాభై కిలోమీటర్లైనా నడిచి ఉండాలి. నడక కర్రలు ముసలాళ్ళకి అనుకోకండి, దిగేటప్పుడు మోకాళ్ళ బరువు అవే తీసుకుంటాయి, ప్రతి ఒక్కరికీ ఒక జత.

బ్యాగులో ఏముండాలి

జీన్స్ వద్దు, కాటన్ టీషర్ట్ వద్దు, ఈ రెండూ కచ్చితంగా. కాటన్ తడిస్తే ఆరదు, గాలి తగిలితే ఒంట్లో వేడి మొత్తం లాగేస్తుంది, ఇక్కడి కొండల్లో నడివేసవిలో కూడా మంచు పడొచ్చు. ఒంటిని అంటుకుని ఉలెన్ లేదా పాలిస్టర్ పొర, దాని మీద వెచ్చటి ఫ్లీస్ స్వెట్టరు, దాని మీద నిజంగా నీళ్ళు లోపలికి రానివ్వని జాకెట్టు, ప్యాంటు మీద వేసుకునే వాన ప్యాంటు, టోపీ, గ్లవ్స్. జాకెట్టు ఇంట్లో షవర్ కింద పది నిమిషాలు నిలబడి పరీక్షించండి, నవ్వులాటకి కాదు నిజంగానే చెప్తున్నా, మా మరదలి జాకెట్టు అలా పరీక్షిస్తేనే భుజాల దగ్గర కారుతున్నట్టు తెలిసింది, టె ఆనౌలో అద్దెకి ఇంకోటి తీసుకున్నాం. గొడుగు ఇంట్లో పెట్టేయండి, ఆ గాలికి నిలవదు.

బ్యాగు పైన వేసే కవర్‌ని నమ్ముకోవద్దు, గాలికి ఎగిరిపోతుంది. బ్యాగు లోపల పెద్ద మందపాటి ప్లాస్టిక్ సంచి పరిచి, దాంట్లో స్లీపింగ్ బ్యాగు, పొడి బట్టలు పెట్టి మూతి మెలిపెట్టి కట్టేయాలి. నడిచే బట్టలు ఒక జత, హట్‌లో వేసుకునే పొడి బట్టలు ఒక జత, అంతే. పొద్దున్నే ఆ తడి బట్టలే మళ్ళీ వేసుకోవాలి, పొడివి తీసి వేసుకోవాలని మనసు లాగుతుంది, లొంగొద్దు, సాయంత్రానికి మీకు పొడిగా ఏమీ మిగలదు.

హట్‌లో మంచం, పరుపు ఉంటాయి, దుప్పటి ఉండదు, స్లీపింగ్ బ్యాగు మీదే. సీజన్‌లో గ్యాస్ స్టవ్వులుంటాయి, గిన్నెలు, ప్లేట్లు ఉండవు. కుళాయిలో చల్లనీళ్ళు, స్నానాల గదుల్లేవు. ఫ్లష్ టాయిలెట్లుంటాయి, నీళ్ళ అలవాటున్నవాళ్ళు అర లీటర్ బాటిల్ ఒకటి విడిగా పెట్టుకుంటే హాయి. ఆడవాళ్ళకి, ఆ రోజులు వచ్చే తేదీలైతే వాడిన ప్యాడ్లు అక్కడ పడేయకూడదు, గట్టిగా మూసుకునే జిప్ సంచిలో పెట్టి వెనక్కి తెచ్చుకోవాలి, నల్లటి సంచి ఒకటి ముందే పెట్టుకోండి. తలకి కట్టుకునే టార్చి ప్రతి మనిషికీ, చెవుల్లో పెట్టుకునే దూది లాంటి ఇయర్ ప్లగ్స్ కూడా, ఎందుకంటే ఇరవై ముప్ఫైమంది ఒకే గదిలో, ఆడా మగా అందరూ కలిసే పడుకుంటారు, గురకలు మామూలుగా ఉండవు. హట్ లోపలికి బూట్లతో రానివ్వరు కాబట్టి తేలికపాటి చెప్పులు.

గ్రూప్‌కి ఒక లొకేటర్ బీకన్ తప్పకుండా ఉండాలి. దారిలో చాలాచోట్ల ఫోన్ సిగ్నల్ ఉండదు, ఈ బీకన్ బటన్ నొక్కితే శాటిలైట్ ద్వారా రెస్క్యూవాళ్ళకి మీరున్న చోటు తెలుస్తుంది. టె ఆనౌలో అద్దెకి దొరుకుతుంది. అది ఎవరి దగ్గరుందో, ఎలా నొక్కాలో ఆరుగురికీ తెలియాలి, మోసే మనిషే పడిపోతే మిగతావాళ్ళు తీయగలగాలి కదా. బయల్దేరేముందు ఊళ్ళో ఉన్న ఒక మనిషికి మన ప్లాన్, ఏ రోజు ఏ టైముకి ఫోన్ రాకపోతే 111కి కాల్ చేయాలో రాసి ఇవ్వండి.

తిండి సంగతి

ఇది కాస్త ఎక్కువ రాస్తా, ఎందుకంటే మన గ్రూపుల్లో సగం గొడవలు ఇక్కడే.

ఇండియా నుంచి వచ్చేవాళ్ళకి మొదటి హెచ్చరిక: న్యూజిలాండ్ ఎయిర్‌పోర్టులో తినే వస్తువు ఏదున్నా ఫారంలో డిక్లేర్ చేయాలి. చేయకుండా దొరికితే అక్కడికక్కడే 400 డాలర్ల ఫైన్. నెయ్యి, పాలకోవా, విత్తనాలు, తేనె, ఇవి సూట్‌కేసులో పెట్టుకురావద్దని ముందే చెప్పండి. వాడిన బూట్లు, కర్రలు, టెంటు కూడా డిక్లేర్ చేయాల్సినవే, మట్టి అంటుకుని ఉండకూడదు. మా బాబాయి అలిపిరి బూట్లు బ్రష్‌తో కడిగి ఎండబెట్టి తెచ్చాడు, వాళ్ళు అడుగు తిప్పి చూసి తిరిగిచ్చేశారు. సరుకులన్నీ ఆక్లాండ్‌లోనో క్రైస్ట్‌చర్చ్‌లోనో ఇండియన్ షాపుల్లో దొరుకుతాయి, అక్కడే కొనండి.

ఒక మనిషికి రోజుకి 600 నుంచి 700 గ్రాముల పొడి తిండి అనుకోండి. మేము చేసింది ఇదీ. పొద్దున ఉప్మా: ఇంట్లోనే రవ్వ వేయించి, నూనెలో పోపు, ఎండుమిర్చి, కరివేపాకు, జీడిపప్పు వేసి అంతా కలిపి చల్లార్చి, పూటకి ఒక జిప్ సంచి చొప్పున కట్టాం. మరిగే నీళ్ళలో పోసి మూతపెడితే ఐదు నిమిషాలు. మధ్యాహ్నం వంట పెట్టుకోవద్దు, దారిలో కూర్చుని తినేవే, చపాతీల్లో వేరుశనగ ముద్ద రాసి చుట్టినవి, ఉడికించిన గుడ్లు మొదటి రోజుకి, తర్వాత చిక్కీ, ఖర్జూరం, జంతికలు, ఉప్పు వేయించిన పల్లీలు. రాత్రి అన్నం. మామూలు బియ్యం ఉడకడానికి టైమూ గ్యాసూ ఎక్కువ, ముందే ఉడికించి ప్యాకెట్లలో అమ్మే అన్నం రెండు నిమిషాల్లో వేడవుతుంది, బరువు కొంచెం ఎక్కువ గానీ ఆ ఆకలికి అదే మేలు. దాంట్లోకి చిక్కగా ఉడికించి నూనె తేలేదాకా వేయించిన పులిహోర పులుసు ఒక చిన్న డబ్బా, కందిపొడి ఒక డబ్బా, నెయ్యి గట్టి మూత ఉన్న సీసాలో 200 గ్రాములు. మూడో రాత్రి సరస్సు పక్కన కూర్చుని కందిపొడి నెయ్యి అన్నం తిన్నాం, మా పక్క టేబుల్ మీద జర్మనీ నుంచి వచ్చిన జంట వాసన బావుందని అడిగి మరీ ఒక ముద్ద తిన్నారు.

ఆవకాయ గాజు సీసాలో వద్దు. టీ పొడి, పాలపొడి, చక్కెర కలిపి రోజుకో సంచి కట్టుకోండి. "రెండు గంటలకోసారి టీ ఇచ్చారంటే ఎంత దూరమైనా నడుస్తానమ్మా" అన్నాడు మా బాబాయి, అందుకని ఒక లీటర్ ఫ్లాస్క్ మోసుకెళ్ళాం, బరువే, కానీ కొండమీద గాలిలో ఆ వేడి టీ అందరినీ నిలబెట్టింది.

కూడో, కాగితమో, గుడ్డు పెంకో, తొక్కో, ఏదీ అక్కడ పడేయకూడదు, హట్‌లలో చెత్తబుట్టలుండవు. ప్యాకింగ్ కవర్లు ఇంట్లోనే తీసేస్తే వెనక్కి మోసే చెత్త సగమవుతుంది. గిన్నెలు, గ్యాస్ లైటరు, నూనె, టీ సామాను ఆరుగురికి పంచి రాసుకోండి, లేకపోతే మూడు గిన్నెలొస్తాయి, లైటర్ ఒక్కటీ రాదు.

టె ఆనౌ చేరి, బయల్దేరే ముందు రోజు

క్వీన్స్‌టౌన్ నుంచి టె ఆనౌ సుమారు 170 కిలోమీటర్లు, రెండు గంటలపైన. ముందు రోజు మధ్యాహ్నానికే చేరండి. ఊళ్ళో ఫియోర్డ్‌ల్యాండ్ నేషనల్ పార్క్ విజిటర్ సెంటర్ ఉంది, అక్కడికెళ్ళి రాబోయే నాలుగు రోజుల వాతావరణం అడగండి, ముఖ్యంగా కొండ మీద గాలి వేగం. తర్వాత సాయంత్రం సరస్సు ఒడ్డున నడుచుకుంటూ వెళ్తే దారిలో పక్షుల సంరక్షణ కేంద్రం వస్తుంది, అక్కడ టకహే ఉంటుంది. నీలం-పచ్చ రంగు, ఎర్రటి లావు ముక్కు, కోడి కంటే పెద్దది, ఎగరలేదు. అంతరించిపోయిందనుకున్న ఈ పక్షి 1948లో మళ్ళీ దొరికింది, దొరికింది ఎక్కడంటే సరస్సు అవతల మర్చిసన్ కొండల్లో. మీరు మర్నాడు లక్స్‌మోర్ హట్ నుంచి చూసే కొండలు అవే. ముందు పక్షిని చూసి తర్వాత దాని ఇంటిని చూస్తే ఆ చూపే వేరుగా ఉంటుంది.

మొదటి రోజు: కంట్రోల్ గేట్స్ నుంచి లక్స్‌మోర్ హట్, 13.8 కిలోమీటర్లు

దారి కంట్రోల్ గేట్స్ దగ్గర మొదలు, సరస్సు నీళ్ళు వయావ్ నదిలోకి వదిలే గేట్లు అవి. కార్ పార్కింగ్ ఉంది, ఊళ్ళోంచి నడిచి కూడా రావొచ్చు, దాదాపు గంట. మొదటి 5.6 కిలోమీటర్లు సరస్సు ఒడ్డునే చదునుగా, బ్రాడ్ బే దాకా. గ్రూప్‌లో పెద్దవాళ్ళుంటే వాళ్ళకి ఈ ముక్క నడక తప్పించడానికి ఊళ్ళోంచి బ్రాడ్ బేకి పడవ ఉంటుంది, మొహమాటపడకుండా ఎక్కించేయండి. బ్రాడ్ బే దగ్గర సీసాలన్నీ నింపుకోవాలి, మనిషికి రెండు లీటర్లు, ఎందుకంటే ఇక్కడ్నుంచి 8.2 కిలోమీటర్లు ఎక్కుడే, నీళ్ళ కోసం దారిని నమ్ముకోకండి.

అడవి బీచ్ చెట్లది. బీచ్ అంటే ఇక్కడ సముద్రపు ఒడ్డు కాదు, చెట్టు పేరు, చిన్న చిన్న ఆకులు, మొద్దు నిండా నాచు. ఎండ ఆకుపచ్చగా జల్లెడ పట్టినట్టు దిగుతుంది. మధ్యలో పెద్ద సున్నపురాయి గోడలు అడ్డమొస్తాయి, అక్కడ కూర్చుని తినండి. తర్వాత ఇంకో గంటా గంటన్నర ఎక్కాక చెట్లు ఒక్కసారిగా అయిపోతాయి, తలుపు తీసుకుని బయటికొచ్చినట్టు, ముందంతా పసుపు రంగు గడ్డి, కింద సరస్సు, అవతల మంచు కొండలు. అక్కడే జాకెట్టు తీసి వేసుకోండి, చెమట పట్టిన ఒంటికి ఆ గాలి తగలకముందే.

నడిచే పద్ధతి మొదటి గంటలోనే పెట్టేసుకోండి. దారి తెలిసినవాళ్ళు ఒకరు ముందు, ఓపికైనవాళ్ళు ఒకరు చివర, అందరికంటే నిదానంగా నడిచే మనిషి రెండో స్థానంలో. చివర్లో పెడితే వాళ్ళు అందుకునేసరికి మిగతావాళ్ళు రెస్ట్ తీసుకుని లేచి బయల్దేరిపోతారు, పాపం ఆ మనిషికి రెస్టే దొరకదు. మా బాబాయిని రెండో స్థానంలో పెట్టాం, ఆయన అడుగు చిన్నది గానీ ఆగడు, ఆ అడుగుకి అందరం అలవాటుపడ్డాక ఎవరికీ ఆయాసం రాలేదు, ఐదున్నర గంటల్లో హట్‌లో ఉన్నాం.

హట్‌లో బంకుకి నంబర్లుండవు, ముందొచ్చినవాళ్ళు ముందు తీసుకుంటారు. బూట్లు బయట నేలమీద వదలొద్దు, ఎత్తుగా మేకుకి తగిలించండి లేదా లోపలి గట్టు మీద పెట్టండి, ఎందుకంటే కియా అనే కొండ చిలకలు తిరుగుతుంటాయి. మంచి తెలివైన పక్షి, ముక్కుతో జిప్పులు తీస్తుంది, లేసులు పీకుతుంది, బూటు లోపలి అట్ట ముక్కలు చేస్తుంది. ఏం చేసినా తిండి మాత్రం పెట్టకండి, మనుషుల తిండికి అలవాటుపడటమే వాటి ప్రాణం మీదకొస్తోంది, ఉన్నవే తక్కువ. ఓపికుంటే హట్ నుంచి పది నిమిషాల్లో లక్స్‌మోర్ గుహ ఉంది, టార్చి లేకుండా, ఒంటరిగా వెళ్ళొద్దు.

సాయంత్రం హట్ చూసుకునే డాక్ రేంజర్ వచ్చి అందర్నీ కూర్చోబెట్టి మాట్లాడతారు, రేపటి వాతావరణం చెప్తారు. ఆ పదిహేను నిమిషాలు ఫోను పక్కన పెట్టి వినండి. రాత్రి పదికి దీపాలార్పేస్తారు, ఆ తర్వాత గదిలో మాటలు వద్దు. మనం ఆరుగురం కలిస్తే గొంతు తెలియకుండానే పెరుగుతుంది, నవ్వుకోవాలంటే వంటగదిలో కూర్చోండి, పక్క బంకువాళ్ళు కూడా మనలాగే 880 మీటర్లు ఎక్కి పడుకున్నారు.

రెండో రోజు: లక్స్‌మోర్ నుంచి ఐరిస్ బర్న్, 14.6 కిలోమీటర్లు

పొద్దున లేవగానే చేయాల్సిన మొదటి పని, బోర్డు మీద రాసిన వాతావరణం చూడ్డం, రేంజర్‌ని అడగడం. గాలి ఎక్కువుందని ఆగమంటే ఆగండి. రెండు మూడు గంటలాగితే తగ్గే గాలి అయితే లేటుగా బయల్దేరొచ్చు, ఎండాకాలంలో రాత్రి తొమ్మిదిదాకా వెలుతురుంటుంది. అసలు కుదరదంటే వచ్చిన దారినే కిందికి దిగిపోవడం. ఆ మాట అందరూ ముందే ఒప్పుకుని రావాలి, అక్కడ నిలబడి ఓట్లు వేసుకోకూడదు. మా రూలు ఏంటంటే ఒక్కరు భయంగా ఉందన్నా అందరం ఆగుతాం.

వాన లేకపోయినా వాన బట్టలు బ్యాగులో అన్నింటికంటే పైన ఉండాలి. నీళ్ళు హట్‌లోనే రోజంతటికీ నింపుకోండి. హట్ నుంచి గంటకి లక్స్‌మోర్ శిఖరం పక్కకొస్తాం, దారి ఇక్కడ దాదాపు 1,400 మీటర్లు. 1,472 మీటర్ల శిఖరానికి చిన్న పక్కదారి, బ్యాగులు కింద పెట్టి వెళ్ళాలనిపిస్తుంది, కియాలు చూస్తుంటాయి, ఒకర్ని కాపలా పెట్టండి. తర్వాత ఫారెస్ట్ బర్న్ షెల్టర్, అది దాటాక హ్యాంగింగ్ వ్యాలీ షెల్టర్, రెండిటి మధ్యా దారి కొండ వీపు మీదే, కొన్నిచోట్ల అటూ ఇటూ లోయ. చెక్క మెట్లున్నచోట తడిగా ఉంటే జారుతుంది. గాలి పక్కనుంచి తోసినప్పుడు కర్రలు రెండూ నేలకి ఆనించి, కాళ్ళు ఎడంగా పెట్టి ఆగి, తగ్గాక నడవడం. ఈ ముక్కలో గ్రూప్ విడిపోకూడదు, ఎంత వేగంగా నడిచేవాళ్ళైనా సరే షెల్టర్ దగ్గర అందరూ చేరాకే ముందుకి.

ఒకరు ఆగకుండా వణుకుతున్నా, మాట తడబడుతున్నా, అడుగులు తప్పుతున్నా అది అలసట అనుకోవద్దు, ఒళ్ళు చల్లబడిపోతున్నట్టు. వెంటనే షెల్టర్‌లోకి, తడి బట్టలు తీసి పొడివి, టోపీ, తియ్యటి వేడి టీ. మాతో వచ్చిన అమ్మాయికి ఫారెస్ట్ బర్న్ దగ్గర ఇలాగే మొదలైంది, నాకేం కాలేదక్కా అంటూనే ఉంది గానీ గ్లవ్ వేసుకోలేకపోయింది. ఫ్లాస్క్‌లో టీ ఉంది కాబట్టి అరగంటలో కోలుకుంది.

డాక్ లెక్క ప్రకారం ఐదారు గంటల నడక, మాకు ఏడున్నర పట్టింది, మీకూ అంతే వేసుకోండి. చివర్లో గడ్డి వదిలి అడవిలోకి దిగుతాం, మెలికల మీద మెలికలు, హట్ 497 మీటర్లలో ఉంది, అంటే రోజు మొత్తమ్మీద 900 మీటర్లు కిందికి. మోకాళ్ళు ఇక్కడ మాట్లాడతాయి. చిన్న అడుగులు, ఇరవై నిమిషాలకోసారి ఆగడం.

ఐరిస్ బర్న్‌లో బర్న్ అంటే ఏరు, స్కాట్లాండ్ నుంచి వచ్చినవాళ్ళ మాట. హట్ నుంచి ఇరవై నిమిషాల్లో జలపాతముంది, కాళ్ళు సహకరిస్తే వెళ్ళి ఆ చల్లనీళ్ళలో మోకాళ్ళదాకా పెట్టుకుని కూర్చోండి, వాపు తగ్గుతుంది. రాత్రి చీకటి పడ్డాక బయటికొచ్చి చప్పుడు చేయకుండా నిలబడండి, ఈ లోయలో కివి పక్షులున్నాయి, మాకు దూరంగా రెండుసార్లు ఈల లాంటి కేక వినపడింది.

మూడో రోజు: ఐరిస్ బర్న్ నుంచి మోటురౌ, 16.2 కిలోమీటర్లు

దూరం ఎక్కువ గానీ దారి చదును, అడవి, ఏటి పక్కన. కాసేపటికే బిగ్ స్లిప్ అనే చోటొస్తుంది, 1984లో పెద్ద వానలకి కొండ చరియ మొత్తం జారి లోయలో పడింది, ఇప్పుడిప్పుడే చెట్లు పెరుగుతున్నాయి. సగం దారిలో రాకీ పాయింట్ షెల్టర్, భోజనం అక్కడ. దారి పక్కన చెక్క పెట్టెలు కనపడతాయి, చెయ్యి పెట్టకండి, పక్షుల గుడ్లు తినే స్టోట్ అనే ముంగిస లాంటి జంతువుకి పెట్టిన ఉచ్చులవి.

ఇక్కడ ఒక విషయం గట్టిగా చెప్తా. చాలామంది మూడో రాత్రి వదిలేసి ఐరిస్ బర్న్ నుంచి 22 కిలోమీటర్లు ఒకే రోజు నడిచి బయటపడిపోతారు, డబ్బు మిగులుతుందని. అలా చేయకండి. మోటురౌ హట్ మానపౌరి సరస్సు ఒడ్డున ఉంటుంది, తలుపు తీస్తే గులకరాళ్ళ తీరం, ఎదురుగా నీళ్ళలో దీవులు, మోటురౌ అంటేనే మావోరీలో వంద దీవులని. ఈ తీరం ఇలా మిగలడానికి ఒక పెద్ద పోరాటం ఉంది. కరెంటు కోసం, ఆ కరెంటు అల్యూమినియం ఫ్యాక్టరీ కోసం, ఈ సరస్సు మట్టాన్ని 30 మీటర్లదాకా పెంచాలని ప్లాన్ వేశారు. 1970లో 2,64,907 మంది సంతకాలు పెట్టి వద్దన్నారు, అప్పటి దేశ జనాభాలో దాదాపు పదోవంతు. 1972 ఎన్నికల్లో ప్రభుత్వం మారింది, 1973లో సరస్సుని చూసుకోడానికి గార్డియన్స్ అనే కమిటీ వేశారు. కరెంటు ఇప్పటికీ తీస్తున్నారు, కానీ సరస్సు తన సహజమైన ఎత్తులోనే ఉంటుంది. ఆ సాయంత్రం ఒడ్డున ఈ కథ చదివి వినిపిస్తుంటే మా బాబాయి చాలాసేపు ఏం మాట్లాడలేదు. మా నాయనమ్మ పుట్టిన ఊరు శ్రీశైలం ప్రాజెక్టు నీళ్ళ కింద ఉంది. "ఇంత సంతకాలకే ఆగిందా" అన్నాడు చివరికి, నీళ్ళవైపే చూస్తూ.

సరస్సు అందంతో పాటు శాండ్‌ఫ్లైలు కూడా ఉంటాయి, దోమకంటే చిన్నవి, కుడితే వారం రోజులు దురద. వెలుతురున్నంతసేపే కుడతాయి, చీకటి పడితే పోతాయి. పొడుగు చేతులు, సాక్సు, చీలమండలకి రిపెల్లెంట్ బాగా రాసుకోండి, నడుస్తుంటే రావు, ఆగితేనే ముసురుతాయి. ఈదాలనుకుంటే ఒడ్డు పక్కనే, ఒకరు చూస్తుండగా, ఎందుకంటే ఈ సరస్సు 444 మీటర్ల లోతు, నీళ్ళు ఎముకలు కొరికేంత చల్లన.

నాలుగో రోజు

ఆరు కిలోమీటర్లు నడిస్తే రెయిన్‌బో రీచ్, వయావ్ నది మీద ఊగే వంతెన. మధ్యలో చిన్న పక్కదారి మీద చెక్కబాట ఒక బురదనేలలోకి తీసుకెళ్తుంది, నాచు, ఎర్రటి గడ్డి, నల్లటి నీళ్ళు, పావుగంట అక్కడ గడపండి. వంతెన దగ్గర్నుంచి టె ఆనౌకి షటిల్ బస్సుంటుంది, ముందే బుక్ చేసుకోవాలి. కాళ్ళు బావుంటే ఇంకో 9.5 కిలోమీటర్లు నది పక్కన నడిచి కంట్రోల్ గేట్స్ దగ్గర గుండ్రం పూర్తిచేయొచ్చు. మేము ముగ్గురు ముగ్గురుగా విడిపోయాం. మా తమ్ముడు, మరదలు, నేను షటిల్ ఎక్కాం. బాబాయి, మా ఆయన, ఆ అమ్మాయి నడిచొచ్చారు, రెండున్నర గంటలు.

ఊళ్ళోకి రాగానే ముందు ప్లాన్ రాసిచ్చిన మనిషికి ఫోన్ చేసి వచ్చేశాం అని చెప్పండి, మర్చిపోతే రెస్క్యూవాళ్ళు బయల్దేరతారు. బీకన్ తిరిగిచ్చేయండి. తర్వాత బూట్లు, కర్రలు, బ్యాగు అడుగు బురద పోయేలా సబ్బునీళ్ళతో కడిగి పూర్తిగా ఎండబెట్టండి. వయావ్ నదిలో డిడిమో అనే నాచు 2004లో బయటపడింది, కంటికి కనపడనంత ముక్క తడి బూటులో ఉన్నా ఇంకో ఏటిని పట్టేస్తుంది. మేము మోటెల్ వెనకాల కుళాయి దగ్గర ఆరు జతల బూట్లు వరసగా పెట్టి పాత టూత్‌బ్రష్‌లతో తోమాం, బాబాయివి ఆయనే తోముకున్నాడు, అలిపిరి బూట్లు కదా, ఎవర్నీ ముట్టుకోనివ్వలేదు.